ఆదివారం తొట్టెల గది

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. వారమంతా అక్కడ బయాలజీ చెప్తాను, ఆదివారం అదే బడిలో ఓపెన్ స్కూల్ సెంటర్ చూసుకుంటాను. చదువు మధ్యలో ఆపేసినవాళ్లు టెన్త్‌కీ ఇంటర్‌కీ ఫీజు కట్టి ఆదివారాలు, సెలవు రోజులు క్లాసులకు వస్తారు. హమాలీలు వస్తారు, టైలర్లు వస్తారు, ఒక ఏడాది మా బడి అటెండరే వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. వాళ్లతోపాటు ఏటా అయిదారుగురు ఆడపిల్లలు చంకలో బిడ్డతో వస్తారు. వయసు పద్దెనిమిది, పందొమ్మిది.

మొదటి ఏడాది వాళ్ల గురించి నేను ప్రత్యేకంగా ఏమీ ఆలోచించలేదు. ఒకమ్మాయి మూడు ఆదివారాలు వరండాలో నిలబడే లెక్కలు రాసుకుంది. నాలుగు నెలల పాప. లోపల కూర్చుంటే పాప ఏడుస్తుంది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని నోట్‌బుక్ కిటికీ గట్టు మీద పెట్టుకుని, చువ్వల్లోంచి బోర్డు చూస్తూ, ఎడమ చేత్తో పాపను జోకొడుతూ కుడి చేత్తో రాసేది. నాలుగో ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల అత్తమ్మ ఎత్తింది. "బడికొచ్చి నిలబడేదేందుకు టీచరమ్మా, ఆ నిలబడేదేదో ఇంట్లనే నిలబడ్తది" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పిల్లను అంగన్‌వాడీలో ఉంచి రావచ్చు కదా అని చాలామంది అంటారు. అంగన్‌వాడీ ఆదివారం మూత, మన క్లాసులు ఆదివారమే. పైగా మూడేళ్లు నిండనిదే అక్కడ కూర్చోబెట్టుకోరు, అంతవరకు ఇంటికి బాలామృతం ప్యాకెట్, గుడ్లు ఇస్తారంతే. 'పాలన' పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్ పెడుతున్నారు, ఆరు నెలల పిల్లల నుంచి తీసుకుంటారు. మీ దగ్గర ఉందేమో అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓను అడగండి. మా మండలంలో లేదు. ఉన్నా అది మామూలు రోజుల పని. కాబట్టి బిడ్డను చూసుకునే గది ఆదివారం నాడు, బడిలోనే ఉండాలి. మా అక్క కూతురు న్యూయార్క్‌లో ఉంటుంది. అక్కడ చదువుకునే చిన్న తల్లుల కోసం ప్రభుత్వ హైస్కూళ్లలోనే 'లైఫ్' పేరుతో ఉచిత శిశు కేంద్రాలు నడుపుతారని, ఆరు వారాల బిడ్డనూ తీసుకుంటారని తను చెప్పింది. వాళ్ల దగ్గర ఉన్న డబ్బు మన దగ్గర లేదు. కానీ తల్లి చదివే ఆవరణలోనే బిడ్డ ఉండాలన్న సంగతి మాత్రం నాకు నచ్చింది. అలా మొదలైంది మా తొట్టెల గది. మీ సెంటర్లో కూడా పెట్టుకోవాలనుకునే కోఆర్డినేటర్ల కోసం, గ్రామ సమాఖ్య లీడర్ల కోసం ఇది రాస్తున్నా.

గది కంటే ముందు వయసు

ఇది చేదు సంగతే, అయినా ముందే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి తెలంగాణలో 5.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. మీ సెంటర్‌కు వచ్చే తల్లుల్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉండొచ్చు. అలాంటప్పుడు పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం వర్తిస్తుంది. పెళ్లయింది కదా అంటే కుదరదు, భార్య అయినా పద్దెనిమిది లోపైతే నేరమేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పేసింది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే దాచినవాళ్లకే శిక్ష. ఇప్పుడు పందొమ్మిదేళ్లున్నా కాన్పు పదిహేడులో జరిగి ఉంటే ఏం చేయాలో జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడిగి తెలుసుకోండి, సొంత తెలివి వాడొద్దు.

నేను చేసే పద్ధతి ఇది. అమ్మాయి నోరు తెరవకముందే చెప్పేస్తాను: "చూడమ్మా, నీ వయసు, కాన్పు సంగతి నాకు చెప్తే కొన్ని నేను పైకి చెప్పాల్సి వస్తది. దాచుతనని నీకు మాటియ్యలేను. కానీ ఏం జరిగినా ఈ బడిల నీ సీటు నీదే." చెప్పాల్సి వస్తే తనను పక్కన కూర్చోబెట్టుకునే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తాను, వెనకాల చేయను. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఒకసారి మాటిచ్చి తప్పితే ఆ పిల్లే కాదు, ఆ ఊరి నుంచి ఇంకెవరూ రారు. ఇంకో సంగతి కూడా వాళ్లకు తెలిసి ఉండాలి. బాల్యవివాహమైన అమ్మాయి ఆ పెళ్లి వద్దనుకుంటే ఇరవై ఏళ్లు నిండేలోపు కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. రద్దయినా బిడ్డ హక్కులకు ఏమీ కాదు. నేనెవరికీ సలహా ఇవ్వను, ఈ దారి ఉందని మాత్రం చెప్తాను.

అడ్మిషన్ దగ్గర చిక్కులు

ఓపెన్ టెన్త్‌కు పద్నాలుగేళ్లు నిండితే చాలు, కింది క్లాసులు చదవకపోయినా ఫరవాలేదు. ఇంటర్‌కు పదిహేనేళ్లు నిండి టెన్త్ పాసై ఉండాలి. ఒకసారి చేరితే అయిదేళ్లు టైముంటుంది, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్లకు నేను చెప్పేదొకటే. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయొద్దు. ఎండాకాలం పరీక్షల్లో మూడు, దసరా ముందు వెనక జరిగేదాంట్లో రెండు. లెక్కలు తప్పనిసరి కాదు, వేరే సబ్జెక్టు తీసుకోవచ్చు. అయితే పాలిటెక్నిక్ మీద ఆశ ఉన్న పిల్లతో లెక్కలు వదిలించొద్దు. "కష్టం కదా, హోం సైన్స్ తీస్కో" అనడం మనకు తేలిక, తర్వాత తలుపులు మూసుకుపోయేది వాళ్లకు.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి ఇంటిపేరు. టీసీలో పుట్టింటి పేరు ఉంటుంది, పెళ్లి కాగానే ఆధార్‌లో అత్తింటి పేరు ఎక్కించి ఉంటారు. రెండూ చూడకుండా మీసేవలో అప్లికేషన్ కొట్టిస్తే మెమోలో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి పడుతుంది. అది సరిచేయించడానికి తిరిగే తిరుగుడు పిల్లను కనడం కంటే ఎక్కువ అని ఒకమ్మాయి అన్నది. సబ్మిట్ నొక్కకముందే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవండి.

గది ఎక్కడ

క్లాసు పక్క గది వద్దు. దగ్గరుంటే మంచిదనుకుని మొదట అదే ఇచ్చాను. బిడ్డ ఏడుపు వినబడితే తల్లి చేతిలో పెన్ను ఆగిపోతుంది. ఎవరి బిడ్డ ఏడ్చినా అయిదుగురు తల్లులూ తలెత్తుతారు, పాలు చేపుకొస్తాయి. రెండు మూడు గదుల అవతల ఉండాలి. ఏడుపు వినబడకూడదు, పిలిస్తే మాత్రం నిమిషంలో చేరుకోవాలి. నల్లా దగ్గరుండాలి, తలుపుకు కింద గడియ ఉండాలి.

సైన్స్ ల్యాబ్ ఆదివారం ఖాళీగా ఉంటుంది కదా అని ఒకసారి అక్కడ పెట్టాం. తొమ్మిది నెలల పిల్లాడు పాక్కుంటూ వెళ్లి కింది అర తీసి, కప్పను నిలవ ఉంచిన గాజు సీసాను రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. యాసిడ్లు పై అరలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఆ రోజే ఆరో తరగతి గదికి మార్చాం. ఆ గది ముందు వేపచెట్టు ఉంది, నీడకు బాగుంటుంది కానీ కోతులు. కిటికీలకు జాలీ కొట్టించాకే అందులో మొదలుపెట్టాం. కోతుల బెడద ఉన్న ఊళ్లో ఇది వాయిదా వేసే పని కాదు. మా బడి సంపు మూత మీద రెండు సిమెంట్ ఇటుకలు కూడా పెట్టించాను.

పేరుకు తొట్టెల గదే గానీ అందులో తొట్టెల లేదు. మొదట్లో పాత చీరతో కిటికీ చువ్వకూ బీరువా కొక్కేనికీ కట్టాం. రెండో ఆదివారం ముడి జారి పిల్ల చాప మీదకు దిగింది. పడలేదు, జారింది. ఏమీ కాలేదు, నిద్ర కూడా లేవలేదు. కానీ నా కాళ్లలో వణుకు సాయంత్రం దాకా తగ్గలేదు. అప్పటి నుంచి నేల మీద చాప, చాప మీద బొంత. ఏ ఇంట్లోనైనా పాత బొంత ఉంటుంది, అడిగితే ఇస్తారు.

నేల మీద పడుకోబెడితే చీమలొస్తాయి, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఒకరోజు బొంత అంచున ఎర్ర దారం పడి ఉందనుకున్నాను. వంగి చూస్తే దారం కదులుతోంది. బాలామృతం జావ పెట్టేటప్పుడు రెండు చుక్కలు పడ్డాయి, అక్కడి నుంచి గుమ్మం దాకా ఒకటే వరస. అప్పటికి చంటిపాప మెడ దగ్గర మూడు దద్దుర్లు. ఇప్పుడు తిండి ఏదైనా వరండాలోనే, మూతి కడిగాకే లోపలికి. పొద్దున్నే బొంతలు దులిపి ఎండలో వేయడం, గుమ్మం పొడుగునా పసుపు గీయడం పిల్లలను చూసుకునే ఆయమ్మ పని. పసుపుకు చీమలు ఆగుతాయో లేదో బయాలజీ టీచర్‌గా నేను పూచీ పడను. గది ఊడ్చి తుడిచారా అన్నది మాత్రం చూస్తాను.

ఎవరు చూస్తారు, డబ్బెక్కడిది

తొమ్మిదో తరగతి ఆడపిల్లలను కూర్చోబెట్టొద్దు. అందరికీ మొదట తట్టే ఆలోచన అదే. "వాళ్లు ముద్దుగా ఆడిస్తరు మేడం" అంటారు. ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకునీ ఎత్తుకునీ వాళ్ల చదువులే సగం పోయాయి, ఆదివారం కూడా మనం అదే పని చెప్తామా?

మా దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు. ఒకామె మధ్యాహ్న భోజనం వండే ఆమె అత్త, ఆరుగురిని పెంచిన మనిషి. రెండో ఆమె అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. పాకే పిల్లలైతే ముగ్గురికి ఒకరు ఉండాల్సిందే, అంతకంటే ఎక్కువైతే చూపు చాలదు. ఒక్క మనిషితో నడపొద్దు. ఆమె నీళ్లకు వెళ్తే గదిలో ఎవరుంటారు? ఒక్కొక్కరికి ఆదివారానికి 300 రూపాయలు, నాలుగు ఆదివారాలకు ఇద్దరికీ కలిపి 2,400. మేం ఎనిమిది మంది టీచర్లం తలా 300 వేసుకుంటాం. ఊరికే చేయమని అడగకండి. మూడు వారాలు మొహమాటానికి వస్తారు, నాలుగో వారం పెళ్లి ఉందంటారు, తప్పు వాళ్లది కాదు. మధ్యాహ్న భోజనం బియ్యం మాత్రం ఆదివారం ముట్టొద్దు, లెక్క తప్పితే పోయేది హెడ్మాస్టర్ పరువు. తల్లులను రెండు ముద్దలు ఎక్కువే కట్టుకుని రమ్మనండి, పాలిచ్చేవాళ్లకు ఆకలి ఆగదు.

రిజిస్టర్ పెట్టండి. బిడ్డ పేరు, వచ్చిన టైం, ఆఖరున ఎప్పుడు పాలు తాగింది, తల్లి ఏ గదిలో ఉంది, బిడ్డను ఎవరికి ఇవ్వొచ్చు. ఈ చివరి గడి ఎందుకొచ్చిందో చెప్తాను. ఒక మధ్యాహ్నం పిల్లాడి చిన్నాన్న బైక్ మీద వచ్చి, "వదిన తీస్కపొమ్మన్నది" అని ఎత్తుకుపోయాడు. ఆయమ్మ ఇచ్చేసింది, ఊరి మనిషే కదా. క్లాసు వదిలాక తల్లి గదిలోకి వచ్చి బొంత ఎత్తి చూసింది, ఇంకో బొంత ఎత్తి చూసింది. బిడ్డ ఇంట్లో క్షేమంగానే ఉన్నాడు. కోడలు బడికి పోవడం నచ్చక ఇంటివాళ్లు చేసిన పని అది. ఆ అమ్మాయి మళ్లీ నెల రోజులు రాలేదు. ఇప్పుడు తల్లి స్వయంగా రాసిన ఇద్దరి పేర్లే చెల్లుతాయి. సర్పంచ్ వచ్చినా, బిడ్డ తండ్రే వచ్చినా, పేరు లేకపోతే ముందు తల్లిని పిలవాల్సిందే. తండ్రితో మొదట గొడవవుతుంది. ఒక్క నిమిషం ఆగమనండి, తల్లి వచ్చాక ఆమె చేతుల మీదుగానే తీసుకెళ్తాడు.

తండ్రుల మాట వచ్చింది కాబట్టి. ఒక ఏడాది ఇరవై ఏళ్ల ట్రాక్టర్ డ్రైవర్ ఓపెన్ ఇంటర్‌లో చేరాడు. భార్య పత్తి ఏరడానికి పోయేది, పాప ఇతని దగ్గర. మొదటి రోజు గుమ్మం దగ్గర నిలబడి, "మగోళ్ల పిల్లల్ని గూడ తీస్కుంటరా మేడం" అని అడిగాడు. ఆడవాళ్లంతా నవ్వారు. మగవాళ్ల పిల్లలు వేరే ఉంటారా అని తీసుకున్నాం. ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం అందరికంటే అతనికే బాగా వచ్చు.

పాలు, జ్వరం, టీకా

టైంటేబుల్ మార్చనిదే గది పెట్టి లాభం లేదు. మా క్లాసు 45 నిమిషాలు. రెండు క్లాసులకు ఒకసారి పావుగంట బెల్లు. అందరికీ బ్రేకే, తల్లులకు ప్రత్యేకం కాదు. అందరితోపాటు లేస్తే ఎవరూ వీళ్లవైపు చూడరు. హమాలీలు టీకి పోతారు, వీళ్లు పాలకు పోతారు. గదిలో ఒక మూల పాత దుప్పటితో తెర కట్టండి, ఆనుకుని కూర్చోవడానికి గోడ ఉండాలి.

ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే, నీళ్లు కూడా అక్కర్లేదు. ఎండాకాలంలో ఆయమ్మలు "గొంతు తడిపినం" అని చెంచాడు నీళ్లు పోస్తారు, మొదటి రోజే మాట్లాడుకోండి. ఆరు నెలలు దాటితే బాలామృతం జావ, మెత్తగా మెదిపిన అన్నం పప్పు. పల్లీలు, పుట్నాలు గదిలోకి రాకూడదు. కాస్త పెద్ద పిల్లలు చంటివాళ్ల నోట్లో, ముక్కులో పెట్టేస్తారు. పాలసీసాలు కూడా వద్దంటాను నేను, ఆదివారం పూట వాటిని మరగబెట్టే తీరిక ఎవరికుంది? గిన్నె, చెంచా కడగడం తేలిక.

మా దగ్గర టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్‌కు చాలామంది పిల్లలకు ఆ రాత్రి జ్వరం వస్తుంది. శనివారం వేయిస్తే ఆదివారం క్లాసు పోయినట్టే. బుధవారమే వేయించమని తల్లులకూ ఏఎన్‌ఎంకూ చెప్పి పెట్టుకోండి. టీకా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానేయొద్దు. ఈ చిన్న మార్పుతో మాకు దక్కినన్ని ఆదివారాలు ఇంకే ఉపాయంతోనూ దక్కలేదు.

జ్వరం, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉంటే గదిలోకి తీసుకోం. ఆ రోజు బోర్డు ఫొటోలు గ్రూపులో పెడతాం, ప్రభుత్వ పాఠాల టీవీ చానల్ టీశాట్‌లో ఏ పాఠం చూసుకోవాలో మెసేజ్ పెడతాం. చూస్తారా అంటే, సగం మంది చూస్తారు.

పరీక్ష రోజు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పరీక్ష మన బడిలో ఉండదు, పక్క పట్టణంలో పడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, లేదా మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదున్నర. మూడు గంటలు లేవడానికి లేదు, గేటు లోపలికి బిడ్డను రానివ్వరు. ఏప్రిల్ ఎండలో నానమ్మో అమ్మమ్మో బిడ్డను పట్టుకుని గోడ నీడన నిలబడుతుంది, ఆ నీడ పదకొండింటికల్లా కరిగిపోతుంది. వారం ముందే ఆ ఊరు వెళ్లి సెంటర్‌కు నడిచే దూరంలో ఒక ఇంటి వరండా మాట్లాడి పెట్టండి. మేం మాట్లాడుకున్న ఇంటామె డబ్బులు తీసుకోలేదు, ఫ్యాన్ వేసి చల్ల ఇచ్చింది.

పొద్దున పేపరైతే ఎనిమిదిన్నరకు ఒకసారి కడుపు నిండా పాలు పట్టించి వెళ్లాలి. చిన్న బిడ్డ మూడు గంటలు ఆగదు, కాబట్టి బయల్దేరేముందు చేత్తో పిండిన పాలు శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఇవ్వాలి. చల్లటి గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు, మా ఏప్రిల్‌లో నేనంత నమ్మను, మొదటి రెండు గంటల్లో పట్టేయమంటాను. ఈ పిండడం పరీక్ష రోజు నేర్చుకునే పని కాదు. నెల ముందు నుంచి ఆదివారాలు గదిలో అలవాటు చేయించండి, బిడ్డకు చెంచాతో తాగడం కూడా అలవాటవుతుంది.

ఇంకొకటి. రెండు గంటలు దాటాక పాలు నిండి రొమ్ములు సలుపుతాయి, కారిపోతాయి. ఒకమ్మాయి సోషల్ పేపర్ రోజు జాకెట్ తడిసి, ఇన్విజిలేటర్ మగమనిషి కావడంతో చేతులు కట్టుకుని కూర్చుండిపోయింది. ఆఖరి ప్రశ్నలు రాయనేలేదు. తను నాకీ సంగతి చెప్పడానికి రిజల్టు దాకా పట్టింది. ముందుగా నేనే చెప్పాల్సింది, బయాలజీ టీచర్ని కదా. ఇప్పుడు హాల్‌టికెట్లు ఇచ్చే రోజు ఆడపిల్లలను విడిగా పిలిచి చెప్తాను. మెత్తటి నూలుబట్ట నాలుగు మడతలు లోపల పెట్టుకోండి, ముదురు రంగు బట్టలే వేసుకోండి, పైన చున్నీ మందంగా ఉండాలి, సలుపు ఎక్కువైతే చెయ్యెత్తి బాత్రూమ్‌కు వెళ్లండి, అది మీ హక్కే.

హాల్‌టికెట్ జిరాక్స్ ఒకటి నానమ్మ దగ్గర కూడా ఉంచండి. దాని వెనక రూమ్ నంబర్, తల్లి పేరు, నా ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసిస్తాను. చదవడం రాని ముసలామె గేటు దగ్గర ఎవరికి చూపించినా పని జరుగుతుంది.